పసుపు రాళ్ళ బాట

నర్సన్నగూడ,
ఎల్బీనగర్ మెట్రో స్తంభాల వెనక.
ఏప్రిల్, ఎండ ముదిరిన ఆదివారం.

అడవుల్లో రాకాసిగుళ్ళు, అనగా ఆదిమానవుల రాతి సమాధులు, కొలిచే విదుషీమణి, మా పెదనాయన మల్లేశం గారి ఏకైక పుత్రిక, శృతక్కకు తమ్ముడు ప్రణీత్ సాష్టాంగపడి రాయునది.

ఇక్కడ అందరూ క్షేమం. నా భవిష్యత్తు ఒక్కటే మంచం పట్టింది.

నీ క్యాంపు ఏటూరునాగారం అడవిలో పడడం వల్ల, అక్కడ ఫోనుకు సిగ్నల్ లేకపోవడం వల్ల, నేను జీవితంలో మొదటిసారి ఉత్తరం రాస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పోస్టాఫీసుకు వెళ్ళి కవరు అడిగితే కౌంటరులో ఆవిడ "ఏ నోటిఫికేషన్‌కి?" అంది. మా అక్కకి అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను పూర్తిగా చూసింది. ఈ ప్రాంతంలో పరీక్ష దరఖాస్తు కాక వేరే కారణానికి కవరు కొన్నవాణ్ణి ఆమె చూసి చాలాకాలమైనట్టుంది.

విషయానికి వస్తాను. నా డిగ్రీ అయిపోయింది. చరిత్రలో ఫస్టు క్లాసు. ఈ శుభవార్త విన్న వెంటనే మా నాయిన, అనగా ఇళ్ళస్థలాల చక్రవర్తి ధనరాజ్, నాదర్‌గుల్ వెంచర్ ఆఫీసులో ఒక కుర్చీ తుడిపించి పెట్టాడు. అది నా సింహాసనమట. నేను పీజీ చేస్తాను, మ్యూజియం చదువు చదువుతాను అన్నాను.

"మ్యూజియం చూడనీకె టికెట్ కొంటె సాలు గద. దానికి రెండేండ్ల సదువెందుకు?" అన్నాడు.

మన ఊరికి కూడా చరిత్ర ఉంది నాయినా, అది ఎవరైనా చెప్పాలి కదా అన్నాను.

"మన ఊరికి రేటున్నది. చరిత్ర యాడిది?"

అక్కడ నాకు రోషం వచ్చింది. నీకు తెలుసు, మనది ఒకప్పుడు నిజంగా ఊరే. ఇప్పుడు కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ మింగేశాయి గానీ, మధ్యలో పాత పంచాయతీ కూడలి ఇంకా అలాగే ఉంది. చావడి, పంచాయతీ ఆఫీసు, గ్రంథాలయం, రేడియో గది, పశువుల దవాఖాన, నీళ్ళ ట్యాంకు, పరాయి చేలో పడ్డ పశువులను పట్టుకొచ్చి మూసే బందెలదొడ్డి. ఒక ఊరు తనను తాను ఎలా పాలించుకుందో చూపించే స్థలాలన్నీ ఒక్క చుట్టులో ఉన్నాయి. రేడియో గదిలో ఇప్పుడు జిరాక్స్ షాపు. బందెలదొడ్డిలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లల బైకులు. పశువులకంటే అవే ఎక్కువ మొరాయిస్తాయి, అది వేరే సంగతి.

అందుకే ఒక హెరిటేజ్ వాక్ పెడతానన్నాను. వెంట గైడు ఉండడు. కరపత్రం చేత పట్టుకుని, గుర్తులు చూసుకుంటూ ఎవరికి వారే నడిచి చూసుకోవచ్చు. నాయిన నవ్వలేదు. ఆయన నవ్వకపోతే బేరానికి దిగాడని అర్థం.

"ఆషాఢం అయ్యేలోపు మన గల్లీ వాళ్ళు గాకుండ, పరాయి మనుషులు నీ బాట చూడనీకె ఒస్తే, నువ్వు సదువుకో. నేనే పంపిస్తా. రాకుంటే శ్రావణంల వెంచర్ ఆఫీసుల కూసో. మళ్ళ నోరెత్తొద్దు."

ఒప్పుకున్నాను. కనుక అక్కా, ఒక యువకుడి జీవితం చరిత్రకూ చదరపు గజాలకూ మధ్య ఊగుతున్నది. ఈ వాక్ ఎలా చెయ్యాలో శాస్త్రోక్తంగా చెప్పు.

నీ,
ప్రణీత్


రాకాసిగుళ్ళ క్యాంపు,
ఏటూరునాగారం దారి.
ఏప్రిల్ చివర.

ఒరేయ్ ప్రణీత్,

నీ ఉత్తరం బియ్యం బస్తాలతో పాటు జీపులో వచ్చింది. సాష్టాంగపడి రాశానన్నావు. అక్షరాలు చూస్తే నిజమే అనిపించింది.

నవ్వులాట పక్కన పెట్టి ఒక మాట. ఆలోచన మంచిది. బందెలదొడ్డి ఇంకా నిలబడి ఉన్న చోట్లు నాకు తెలిసినంతలో చాలా తక్కువ. అయితే గైడు లేని నడక పెట్టడం గైడుతో నడిపించడంకంటే కష్టం. నువ్వు పక్కన ఉంటే జోకులు చెప్పి నెట్టుకొస్తావు. నువ్వు లేనప్పుడు మాట్లాడాల్సింది స్థలమే.

మూడు సంగతులు గుర్తుపెట్టుకో. పాత గోడల మీద, పాత రాళ్ళ మీద రంగు వెయ్యకు. బాణం గుర్తుల మోజులో సున్నపు గోడలు పాడుచేసినవాళ్ళను చాలామందిని చూశాను. రెండోది, దారి గుర్తులు దూరం నుంచే కనపడాలి, మళ్ళీ మళ్ళీ అడిగే పని ఉండకూడదు. మూడోది ముఖ్యం. అబద్ధం రాయకు. రాజుగారు ఈ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు లాంటివి నీ నోట్లోంచి ఎంత సులువుగా వస్తాయో నాకు తెలుసు. నడిచేవాడికి ఒక్క అబద్ధం చెప్పి గెలిచినా నీ పక్షాన నేను మాట్లాడను. మీ నాయినకు నేనే చెప్పి నిన్ను నాదర్‌గుల్‌లో కూర్చోబెట్టిస్తాను.

నాయనమ్మ ఎలా ఉంది? కూడలి గురించి ఆమెను అడుగు. నీ ఫస్టు క్లాసుకు తెలియనివి ఆమెకు చాలా తెలుసు. చిన్నాయినకు నా నమస్కారం.

శృతి


నర్సన్నగూడ.
మే, రోహిణి కార్తె. రోళ్ళు పగిలాయో లేదో గానీ నా తల పగిలింది.

అక్కా,

నీ ఆజ్ఞ శిరసావహించాను. పాత గోడ మీద చుక్క రంగు పడలేదు. దానికి బదులు నా మేధస్సు ఒక ఉపాయం కనిపెట్టింది. వెంచర్లో ప్లాటు మూలలకు పాతే హద్దురాళ్ళు కొన్ని మన పెరట్లో మిగిలి ఉన్నాయి కదా, మోకాలెత్తు గ్రానైటు ముక్కలు. ముందే పసుపు రంగు వేసి ఉన్నాయి. అందులో ఏడు తీసుకున్నాను. దూరం నుంచి కనపడాలన్నావు కనుక ఒక్కొక్క దాని మీద గుండ్రంగా, నిండుగా ఎర్ర చుక్క పెట్టాను. చావడి దగ్గర ఒకటి, బందెలదొడ్డి దగ్గర ఒకటి, అలా ఏడు చోట్లా పాతాను; జాగా లేక ఒకటి రెండు పక్క ఇళ్ళ గుమ్మాల ముందు పడ్డాయి. కరపత్రాలు అచ్చు వేయించాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఒక్క అలంకారం కూడా లేదు. అది రాసినవాణ్ణి నేనేనా అని నాకే అనుమానం.

తెల్లారేసరికి ఊరు ఇంటి మీదికి వచ్చింది.

అందరికంటే ముందు పక్కింటి అండాలమ్మ. కొంగు బిగించి గేటు దగ్గరే నిలబడి మా నాయినను బయటికి పిలిచింది.

"మా అరుగు ఎవనికి అమ్మినవు ధనరాజూ?"

నాయినకు అర్థం కాలేదు. ఆమె వెనకే లేడీస్ హాస్టల్ నడిపే శేషారత్నం గారు. గుంటూరు నుంచి వచ్చి ఎంతకాలమైనా ఆవిడ కోపంలో కూడా 'అండీ' తప్పదు. "రోడ్డు వెడల్పు చేస్తారటగా అండీ. మా మెట్లు కొట్టేస్తే ఆడపిల్లలు ఎలా ఎక్కుతారు? ముందుగా ఒక మాట చెప్పాలి కదండీ" అని నిలదీసింది.

అక్కా, రియల్ ఎస్టేట్ ఇంట్లో పుట్టి నేను ఈ తప్పు ఎలా చేశానో నాకే తెలియదు. మన వైపు పసుపు హద్దురాయి ఎవరి గుమ్మం ముందు కనపడినా అర్థం ఒకటే, ఆ స్థలానికి కాళ్ళొచ్చాయని. నేను ఊరి నడిబొడ్డున ఏడు పాతాను.

నాయిన నన్ను లోపలికి పిలిచి, తెల్లారి రాళ్ళన్నీ పీకి పెరట్లో పడెయ్యమన్నాడు. అండాలమ్మ అయితే నేను పీకేదాకా ఆగేట్టు లేదు, గడ్డపార ఎక్కడుందని అడుగుతూ పోయింది. నాయనమ్మ ఇంద్రమ్మ మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా, "పొద్దున చూద్దాం తీయిండ్రి" అంది.

ఇప్పుడు విచిత్రం విను. మర్నాడు నేను లేచి గడ్డపార పట్టుకుని వెళ్ళేసరికి ఎవ్వరికీ అభ్యంతరం లేదు. అండాలమ్మ తన అరుగు ముందు రాయి చుట్టూ ఊడ్చి నీళ్ళు చల్లుతోంది. నన్నూ గడ్డపారనూ చూసి "దాంతోని దగ్గరికి రాకు" అంది. దీన్నే పౌరచైతన్యం అంటారని నేను కరపత్రంలో చేర్చబోతున్నాను.

ఇక నడిచేవాళ్ళ సంగతి. ఇప్పటికి ఒకాయన వచ్చాడు. మొదటి రాయి నుంచి ఏడో రాయి దాకా శ్రద్ధగా నడిచాడు. చివర నన్ను చూసి, మెట్రో స్టేషన్‌కు దారి ఇదేనా అని అడిగాడు.

పరేషాన్‌లో ఉన్న,
ప్రణీత్


నర్సన్నగూడ.
జూన్, తొలి వాన పడ్డాక.

అక్కా,

విజయం. నేను ఈ మాట పెద్ద అక్షరాలతో రాయాలనుకున్నాను గానీ గొప్పవాళ్ళు చిన్నగానే రాస్తారు.

జనం వస్తున్నారు. మన గల్లీ వాళ్ళు మొదలుపెట్టారు, తర్వాత పక్క కాలనీలు, ఇప్పుడు వనస్థలిపురం నుంచి కూడా ఆటో మాట్లాడుకుని వస్తున్నారు. ఎక్కువగా ఆడవాళ్ళే. స్థానిక చరిత్ర మీద మహిళల్లో ఇంత ఆసక్తి ఉందని పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. ఒక్క గుర్తు కూడా వదలరు. మొదటి దాని దగ్గర మొదలుపెట్టి వరుస తప్పకుండా ఏడూ చూసి గానీ ఇంటికి పోరు. ప్రతి గుర్తు దగ్గరా భక్తిశ్రద్ధలతో ఆగుతారు. పిల్లలను కూడా ఆపి దండం... అనగా దండిగా వివరాలు చెప్తారు.

శుక్రవారం ఎక్కువ. ఆ రోజు బుట్టలతో వస్తారు.

కరపత్రాలు అయిపోతున్నాయి. నాయనమ్మ గురువారం సాయంత్రమే కట్ట పట్టుకుపోతుంది, సరిపోక మళ్ళీ అడుగుతుంది. రెండోసారి అచ్చు వేయించాను. శేషారత్నం గారు హాస్టల్ మెట్ల పక్కన గుర్తుకు తనే చిన్న రేకు కప్పు వేయించింది, వానకు తడవకూడదని. నాయిన రోజూ కారు దిగకుండా చూసి పోతున్నాడు. ఏమీ అనడం లేదు. ఆయన ఏమీ అనకపోతే లెక్కలు తిరగేస్తున్నాడని అర్థం.

పీజీ దరఖాస్తులు ఎప్పుడు పడతాయో కనుక్కో. నేను పెట్టెలో బట్టలు సర్దుకోవడం ఒక్కటే మిగిలింది.

విజయగర్వంతో,
ప్రణీత్


రాకాసిగుళ్ళ క్యాంపు.
జూన్ నెలాఖరు.

ఒరేయ్,

నీ ఉత్తరం మొదటిసారి చదివి సంతోషించాను. రెండోసారి చదివి బుట్టల దగ్గర ఆగాను.

చరిత్ర చూడ్డానికి బుట్టలెందుకురా? శుక్రవారమే ఎందుకు? రాతికి రేకు కప్పు ఎందుకు? దండం అని రాసి దాన్ని దండిగా చేసి తప్పించుకున్నావు చూడు, అక్కడ నీ పెన్ను తడబడింది. నేను చూసే పనే ఇది. రాళ్ళ చుట్టూ మనుషులు ఏం చేశారో గుర్తుపట్టినందుకే నాకు జీతమిస్తారు.

నేనే చెప్తాను, తప్పయితే దిద్దు. మోకాలెత్తు రాయి. ఒళ్ళంతా పసుపు. మధ్యలో గుండ్రంగా ఎర్ర బొట్టు. అలాంటివి ఏడు, ఊరి చుట్టూ. ఒరేయ్ తెలివైనవాడా, మన దేశంలో అలాంటి ఏడు రాళ్ళను చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, ఏడుగురు అక్కచెల్లెళ్ళు వచ్చి కూర్చున్నారనుకుంటారు. నీ కరపత్రాల్లో గుగ్గిళ్ళు పొట్లాలు కడుతున్నారు కదూ?

నాకు కోపం రాలేదు. గుడారంలో పక్కన పడుకున్న అమ్మాయి లేచి, ఏమైంది అక్కా అని అడిగేదాకా నవ్వాను. కానీ ప్రణీత్, మొదట్లోనే చెప్పాను. అవి మీ నాయిన వెంచర్ రాళ్ళని వాళ్ళకు తెలియకపోతే, వాళ్ళు దండం పెడుతున్నది నీ అబద్ధానికి. నువ్వు నోటితో చెప్పలేదు, నిజమే. నోరు మూసుకుని కూడా చెప్పవచ్చు. ఆషాఢం వస్తోంది, బోనాలు తెస్తారు. ఆ లోపల వాళ్ళకు చెప్పెయ్. తర్వాత వాళ్ళు రాళ్ళు పీకినా సరే, నువ్వు పందెం ఓడినా సరే.

ఓడితే నాదర్‌గుల్‌కు ఉత్తరాలు రాస్తాను.

శృతి


నర్సన్నగూడ.
జూలై, బోనాల మర్నాడు.

అక్కా,

నువ్వు రాసిందంతా నిజం. గుగ్గిళ్ళతో సహా.

నీ ఉత్తరం చదివి నేరుగా నాయనమ్మ దగ్గరికి పోయాను. చింతపండులో గింజలు తీస్తోంది. ఆ రాళ్ళకు మొదట పసుపు పెట్టిందెవరని అడిగాను. దాచడానికి కూడా ప్రయత్నించలేదు.

"పొద్దుగాల్ల అండాలమ్మ గడ్డపార పట్టుకొని ఒచ్చింది. నువ్వు ఇంక పండుకునే ఉన్నవు. పీకుతదని నేనే ముందుగాల పోయి ఇంత పసుపు పూసిన, బొట్టు పెట్టిన. పసుపు పూసిన రాయిని ఎవలు ముట్టుకుంటరు?"

"మరి అందులో దేవత లేదు కదా నాయనమ్మా?"

"అది ఆమె ఇష్టం. నేను జాగ చూపిచ్చిన."

అక్కా, ప్లాట్లు అమ్మే తెలివి మా నాయినకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

సరే, చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. కానీ ఒక్కొక్క గడపకూ పోయి, అమ్మా మీ దేవత మా ప్లాటు మూల అని చెప్పే ధైర్యం చాలలేదు. చివరికి బోనాల రోజే, అందరూ చావడి దగ్గర కూడినప్పుడు చెప్పాలనుకున్నాను. మొత్తం ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు తల మీద బోనం కుండలు, వేపమండలు, దీపాలు. డప్పులు ఒకటే మోత. పోతరాజు ఒళ్ళంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపిస్తున్నాడు. నాయనమ్మ అందరికంటే ముందు. ఆమెకు ఎండ తగలకుండా మా నాయిన వెనక గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు.

నేను మొదటి రాయి పక్కన అరుగు ఎక్కి డప్పులు ఆపమన్నాను. ఎప్పుడూ సమయానికి వచ్చే జోకు ఒక్కటి కూడా రాలేదు. ఇవి అమ్మవారి రాళ్ళు కావు, మా వెంచర్లో మిగిలిన హద్దురాళ్ళు, దారి చూపడానికి నేనే పాతాను, ఈ ఎర్ర చుక్క కూడా నేను వేసిందే, క్షమించండి అన్నాను.

అండాలమ్మ బోనం కదలకుండా నా వైపు తిరిగింది.

"మాకు తెల్వదా? మీ నాయిన వెంచర్ల మాకు రెండు ప్లాట్లున్నయి. గవే రాళ్ళు. అమ్మ ఏ రాయిల కూసుంటదో నిన్ను అడిగి కూసుంటదా?"

శేషారత్నం గారు వెనక నుంచి, "మా వైపు వేపచెట్టుకు చీర కట్టినా అమ్మవారే బాబూ. చెప్పావుగా, మంచిపని చేశావు. కాస్త పక్కకి జరుగు, ఎండెక్కుతోంది" అంది.

నేను పక్కకు జరిగాను. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఇంత గొప్ప ఒప్పుకోలు ఇంత తొందరగా ముగిసినందుకు నాకు కాస్త చిన్నతనం కూడా అనిపించింది.

అసలు సంగతి బందెలదొడ్డి దగ్గర జరిగింది. అక్కడ రాయికి వేపమండలు వేసిన పసుపు నీళ్ళు సాక పోస్తున్నారు. కోచింగ్ పిల్లలు బైకుల కోసం వచ్చి దారి లేక గోడ మీద కూర్చున్నారు. అందులో ఒకడు చేతిలో గుగ్గిళ్ళ పొట్లం విప్పి, కాగితం చదివి, "బందెలదొడ్డి అంటే ఏంది అంకుల్, జైలా?" అని అడిగాడు. అడిగింది నన్ను కాదు. గొడుగు పట్టుకున్న మా నాయినను.

నాయిన మొదట విననట్టే ఉన్నాడు. తర్వాత గొడుగు నా చేతికిచ్చాడు.

ఆయన చిన్నప్పుడు మన బర్రె పరాయివాళ్ళ జొన్నచేలో పడితే పంచాయతీ కావలికారు పట్టుకొచ్చి ఇందులో మూశాడట. మేపాల్సిన నాయిన గోటీలాటలో ఉన్నాడట. అది ఈనిన కొత్తట, దూడ ఇంటి దగ్గర అరుస్తోందట. గోడ దూకి లోపలికి పోయి, బర్రె మెడ పట్టుకుని, దీన్ని విడిచిపెట్టేదాకా నేనూ రానని కూర్చున్నాడట. చెప్తూ చెప్తూ బైకులు జరిపించాడు. గేటు ఎక్కడుండేదో, గడియకు రాతిలో తొలిచిన రంధ్రం ఎక్కడుందో ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుని తడిమించాడు. ఆ రంధ్రం నేను ఇన్నాళ్ళూ చూడనే లేదక్కా. కరపత్రంలో లేదు.

నాయనమ్మ బోనంతో అలాగే నిలబడి వింది. "నేను జొన్న గట్క తెస్తే బర్రెకు పెట్టిండు. వీడు తినలే" అంది. డప్పులవాళ్ళు డప్పులు కింద పెట్టారు. పోతరాజు కొరడా భుజాన వేసుకుని, మరి ఎప్పుడు ఇడిసిండ్రు అన్నా అని అడిగాడు. ఊరేగింపు మొత్తం ఒక బర్రె విడుదల కోసం ఆగింది.

ఇంత జరిగాక నేను గెలిచాననుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర నాయిన మామూలు మనిషయ్యాడు. "ఒచ్చినోళ్ళు అమ్మ కోసం ఒచ్చిండ్రు. నీ బాట చూడనీకె కాదు. మాట మాటే" అన్నాడు.

ఆలోచిస్తే న్యాయమే. వాదించలేదు. శ్రావణం దాకా ఆగడమెందుకని రేపటి నుంచే నాదర్‌గుల్. అక్కడ విమానం నడపడం నేర్చుకునే పిల్లలు పొద్దంతా పైన తిరుగుతుంటారు. కింద కుర్చీలో కూర్చుని వాళ్ళను చూడ్డానికి కూడా ఒక మనిషి కావాలి కదా.

బాధగా ఉంది. కానీ ఆ రంధ్రంలో వేలు పెట్టి చూశాను, ఇంకా చల్లగా ఉంది.

ప్రణీత్


ధనరాజ్,
నర్సన్నగూడ.
ఆషాఢం చివరి వారం.

అమ్మా శృతికి మీ చిన్నాయిన దీవించి రాయునది.

నేను ఉత్తరం రాసి చాలా ఏండ్లయింది. మీ అమ్మ స్వరూపరాణి వదిన నీ అడ్రసు ఇచ్చింది. తప్పులుంటే సదురుకో.

బోనాల తర్వాత ఆదివారం పొద్దున నేను ఇంటి ముందు పేపర్ చూస్తున్నాను. బందెలదొడ్డి కాడ కలిసిన పోరడు ఒచ్చాడు. వెంట ఇంకో పదిమంది పోరగాండ్లు, పోరీలు. మలక్‌పేట హాస్టల్లో ఉండేవాళ్ళట, ఒకరిద్దరు ఖమ్మం వాళ్ళు. "అంకుల్, మీరు చెప్పింది మా దోస్తులకు చెప్పిన. దొడ్డి చూస్తమంటున్నరు" అన్నాడు. బుట్టలు లేవు, కొబ్బరికాయలు లేవు. మన ప్రణీత్ కాగితం మాత్రం అందరి చేతుల్లో ఉంది. నేను ఏదో పనుందని చెప్పి లోపలికి పోదామనుకున్నాను. మా అమ్మ చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందర పెట్టింది.

మొత్తం తిప్పాను. చావడి కాడ పంచాయితీలు ఎట్ల చేసేవాళ్ళో చెప్పాను. రేడియో గది కాడ పొద్దుమూకినాక వార్తల కోసం ఊరంతా ఎట్ల కూసునేదో చెప్పాను. నీళ్ళ ట్యాంకు కట్టినప్పుడు మొదటి నీళ్ళు ఒచ్చిన దినం నేను అంగితోనే నల్లా కింద నిలబడ్డాను. ఆ సంగతి నాకే యాదికి లేదు, అక్కడ నిలబడితే ఒచ్చింది. మధ్యాన్నం అయింది. వాళ్ళు పోతామనలేదు, నేను పొమ్మనలేదు.

ఇంటికొచ్చి కూసున్నాక సమజయింది. నేను పోరనికి మాట ఇచ్చిన. ఆషాఢంల పరాయి మనుషులు బాట చూడనీకె ఒస్తే సదివిస్తానన్న. వీళ్ళు పరాయివాళ్ళే. అమ్మ కోసం రాలేదు, బాట కోసమే ఒచ్చారు. ఆషాఢం ఇంకా అయిపోలేదు.

వాడికి ఇంకా చెప్పలేదు. ఓడిపోయిన దినం వాడు ఒక్క మాట ఎదురు చెప్పకుండా పొద్దున తయారై ఆఫీసుకు పోయాడు. అది చూసి నాకు అన్నం పోలేదు. అందుకే మొదట నిన్ను అడుగుతున్నాను. ఆ మ్యూజియం చదువు ఏ ఊళ్ళో బాగుంటుంది, ఎప్పుడు చేరాలి, హాస్టల్ ఎట్లుంటది, అన్నీ కనుక్కొని జల్ది రాయి. నేనే తీసుకపోయి చేర్పిస్తాను.

జల్ది ఎందుకంటే ఒక కారణం ఉంది. నిన్న ప్లాటు చూడనీకె మొగడు పెళ్ళాం ఒచ్చారు. మనవాడు వాళ్ళకు రేటు చెప్పలేదు. ఈ భూమిలో ముందు ఏం పంట పండేదో, ఏ బాయి నీళ్ళు పారేవో, హద్దు ఏ గెట్టు మీద ఉండేదో చెప్పాడు. వాళ్ళు మొత్తం తిరిగి చూసి, ఇంత మంచి పొలం ప్లాట్లు చేస్తారా అని నన్నే తిట్టిపోయారు. బేరం పోయింది. వాడు ఇంకో వారం అక్కడ కూసుంటే నా వెంచర్ మొత్తం హెరిటేజ్ అయిపోతుంది.

ఇట్లు,
మీ చిన్నాయిన ధనరాజ్